ముందు నిద్రపోండి సిస్టర్

వందనాలు సిస్టర్. వరసగా నైట్ డ్యూటీలు, ఆదివారం ఇంటికొచ్చీ రాగానే స్నానం చేసి సండే స్కూలుకు పరుగు, రోగి మీద విసుక్కున్న ప్రతిసారీ "నాలో విశ్వాసం తగ్గిపోయిందా?" అన్న దిగులు. మీరు రాసింది చదువుతుంటే నా సంగతే అనిపించింది. నేనూ నర్సునే.

తగ్గింది విశ్వాసం కాదు, ఒంట్లో ఓపిక. బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయం తియ్యండి. కర్మెలు కొండ మీద అంత గెలుపు చూసిన ఏలీయా ప్రవక్తే బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసెయ్యి అన్నాడు. దేవదూత మందలించలేదు, ఉపవాసం ఉండమనలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపిందీ తిండికే! "ఇక్కడ నీకేం పని" అన్న దేవుడి ప్రశ్న హోరేబు కొండ చేరాకే వచ్చింది.

నైట్ల తర్వాత ఆఫ్ కావాలని ఇన్‌చార్జికి కాగితం మీద రాసివ్వండి. నోటిమాట డ్యూటీల రోస్టర్‌లోకి ఎక్కదు. సండే స్కూలు రెండు నెలలు వేరేవాళ్లు చూసుకుంటారని చర్చి అయ్యగారికి చెప్పేయండి. ఆయన కాస్త నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

డ్యూటీలో నా ప్రార్థన చేతులు కడుక్కునే ఆ అరనిమిషమే. తర్వాత చూడబోయే రోగి పేరు మనసులో అనుకుంటాను. బెడ్ నంబరు కాదు, పేరు.

ఏలీయా అన్నట్టు ఇక చాలు, ప్రాణం పోతే బాగుండు అని మీకూ అనిపిస్తుంటే మాత్రం ఆగొద్దు, 14416కి, అదే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ వారం రోస్టర్ ఎలా ఉందో రాయండి, ఆ కాగితం ఇద్దరం కలిసి రాద్దాం.