పలకలు కొనిచ్చేవాళ్లున్నారు, మాస్టారికి జీతమిచ్చేవాళ్లే లేరు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే సంగతి చుట్టూ, కష్టాల్లో ఉన్న పిల్లలకు సంగీతం నేర్పించడం చుట్టూ తిరుగుతున్నాయి, అందుకని కలిపి వేస్తున్నాను.

ప్రశ్న: మాది తిరుపతి, రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఉంటాం. మేం నలుగురు ఆడవాళ్లం కలిసి, బడి మానేసి వీధుల్లో తిరిగే పిలకాయల్ని పద్దెనిమిది మందిని పోగేసి సాయంత్రాలు పలక (డప్పు), డోలు నేర్పిస్తున్నాం. వాళ్లలో మత్తు కోసం వైట్‌నర్ పీల్చడం అలవాటైనవాళ్లూ ఉన్నారు. మాస్టారికి నెలకు ఎనిమిది వేలు మేమే చందాలేసుకుని ఇస్తున్నాం, ఇక మావల్ల కావడంలేదు. దీనికి నగరపాలక సంస్థ డబ్బు ఇవ్వొచ్చా? ఒక పెద్దమనిషిని అడిగితే "పాటలు, మేళాలు కార్పొరేషన్ పని కాదమ్మా, కొండ మీదోళ్లను అడుగు" అన్నాడు. — ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఆయన మాట పట్టించుకోకండమ్మా, అది తప్పు. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణతో 12వ షెడ్యూలు వచ్చింది. పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ పనులు అందులో 18 ఉన్నాయి, 13వది సాంస్కృతిక, విద్యా, కళా విషయాలను పెంపొందించడం, 9వది బలహీన వర్గాల బాగోగులు చూడటం. రోడ్లు, నీళ్లు, చెత్త ఉన్న జాబితాలోనే మీ పలక క్లాసుకీ చోటుంది. కాకపోతే చిక్కొకటి. ఆ పనులు అప్పగించొచ్చు అన్నారే గానీ చేసి తీరాలని అనలేదు, అందుకని హక్కు అంటూ దబాయిస్తే పని జరగదు, అడిగే తీరులో అడగాలి. అర్జీలో ఆ 13వ అంశం గురించి ఒక వాక్యం రాయండి చాలు, "మా పని కాదు" అనే మాటకు అక్కడే అడ్డుకట్ట పడుతుంది.

ఇంక ఏం అడగాలి అన్నది. "సంగీత కార్యక్రమానికి నిధులు మంజూరు చేయగలరు" అని రాస్తే ఆ ఫైలు ఏ సీటుకు పోవాలో కూడా ఎవరికీ తెలియదు. నా ఉద్దేశంలో మొదట డబ్బు అడగనే వద్దు, గది అడగండి. మునిసిపల్ బడి సాయంత్రం ఖాళీగానే ఉంటుంది, వార్డుల్లో కమ్యూనిటీ హాళ్లు కూడా పెళ్లిళ్లు లేని రోజుల్లో తాళం వేసే ఉంటాయి. వారానికి నాలుగు రోజులు, ఐదున్నర నుంచి ఏడున్నర దాకా, కరెంటుతో సహా వాడుకోవడానికి అనుమతి అంటే కార్పొరేషన్‌కు పెద్ద ఖర్చేమీ కాదు, కాగితం మీద ఒకసారి ఒప్పుకున్నారంటే మీరు వాళ్ల లెక్కలోకి వచ్చేసినట్టే, రెండో అర్జీ పెట్టడం తేలికవుతుంది.

ఆ రెండో అర్జీలో మాత్రం మొహమాటం లేకుండా మాస్టారి జీతమే అడగండి. నేను చూసినంతలో ఎక్కడైనా ఇదే వరస, పలకలు కొనిమ్మంటే పది మంది ముందుకొస్తారు, ఎందుకంటే వాటి మీద పేరు రాయించుకోవచ్చు, పిల్లల చేతికిస్తూ ఫొటో దిగొచ్చు. జీతానికి ఫొటో ఏముంటుంది? ఆర్నెల్లకు మాస్టారు మానేస్తే పలకలు అటక మీదికి ఎక్కుతాయి. అడిగేది ఏడాదికి కాదు, రెండేళ్లకు. దీనికి ఒక ఆధారం కూడా ఉంది. అమెరికాలో లాస్ ఏంజెలెస్ పేదవాడల్లో ఉచితంగా సంగీతం నేర్చుకుంటున్న పిల్లల మీద నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు చేసిన పరిశోధన 2014లో వచ్చింది. మాటల్లోని శబ్దాలను మెదడు ఎంత స్పష్టంగా పట్టుకుంటోందో కొలిచారు, ఒక ఏడాది నేర్చుకున్నాక చూస్తే తేడా ఏమీ లేదు, రెండేళ్లయ్యాక కనిపించింది. ఏడాదికే "ఏం సాధించారు?" అని అడిగేవాళ్లకు ఈ ముక్క చెప్పండి.

పద్దెనిమిది మందీ ఎక్కడివాళ్లో, ఎవరు బడి మానేశారో, ఎవరు మళ్లీ చేరారో రోజూ ఒక నోట్‌బుక్‌లో రాస్తూ ఉండండి. వెనిజులాలో 1975లో హోసే అంతోనియో అబ్రెయు అనే ఆయన పేదపిల్లలకు వాద్యబృందాలు పెట్టించాడు, అది ఎల్ సిస్టెమా పేరుతో ప్రపంచమంతా పాకింది. తర్వాత 2,914 మంది పిల్లలతో పెద్ద పరిశోధన ఒకటి జరిగింది. తమను తాము అదుపులో పెట్టుకోవడం కొంత మెరుగైందని తేలింది, అయితే చేరడానికి వచ్చినవాళ్లలో పేదలు అనుకున్నదానికంటే బాగా తక్కువని కూడా తేలింది. ఇందులో వింతేముంది, సాయంత్రం పిల్లవాడి చెయ్యి పట్టుకుని క్లాసుకు తీసుకొచ్చే అమ్మ ఉన్న ఇల్లు ముందే కాస్త నిలదొక్కుకున్న ఇల్లు. మీరేమో స్టేషన్ దగ్గర తిరిగేవాళ్లనే పట్టుకొచ్చారు. పెద్ద పెద్ద సంస్థలు తడబడ్డ చోట మీకు పని కుదిరింది, అది కాగితం మీద కనబడాలి కదా.

ఆఫీసు పనులు నాలుగు ముక్కల్లో. మీరు నలుగురే అంటున్నారు, మన రాష్ట్రంలో 2001 నాటి చట్టం కింద సొసైటీ రిజిస్టర్ చేయాలంటే కనీసం ఏడుగురు ఉండాలి, మిగతా ముగ్గురిలో ఇద్దరు ఆ పిల్లల తల్లులైతే మంచిది. బడ్జెట్ ఏడాది ఏప్రిల్ 1న మొదలవుతుంది, మార్చిలో అర్జీ పట్టుకుపోతే "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు, నవంబరు, డిసెంబరులోనే ఇచ్చేయండి. ఎన్నికైన పాలకవర్గం ఉంటే స్టాండింగ్ కమిటీ, కౌన్సిల్ తీర్మానం కావాలి, లేకపోతే ప్రత్యేకాధికారి ఒప్పుకోవాలి. సాంస్కృతిక పనులకు గత మూడేళ్లలో ఎంత ఖర్చయిందో సమాచార హక్కు కింద పది రూపాయలతో అడగొచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ అంకె చేతిలో ఉంటే మాట్లాడే ధైర్యమే వేరు.

అన్నట్టు, శాన్ ఫ్రాన్సిస్కోలో 1991లో జనం ఓట్లేసి మరీ ఆస్తిపన్నులో కొంత వాటా పిల్లల కోసమని పక్కన పెట్టించుకున్నారు, 2014లో దాన్ని ఇంకో పాతికేళ్లు పొడిగించారు. మనదగ్గర ఇంటిపన్ను కట్టేటప్పుడు అది ఎటు పోతుందని అడిగేవాళ్లు ఎంతమంది ఉన్నారు చెప్పండి.

ప్రశ్న: చిత్తూరు నుంచి రాస్తున్నాను. మా అబ్బోడికి పదహారేళ్లు. సెల్‌ఫోన్ దొంగతనం కేసులో జువెనైల్ బోర్డు దాకా పోయి వచ్చాడు. ఇప్పుడు ఒక సంస్థవాళ్ల దగ్గర కీబోర్డు నేర్చుకుంటున్నాడు, బాగానే ఉన్నాడు. వాళ్లు వార్షికోత్సవానికి వాణ్ని స్టేజి ఎక్కించి "నేను ఒకప్పుడు ఇలా ఉండేవాణ్ని" అని చెప్పించాలంటున్నారు, అలా చేస్తే నిధులు వస్తాయట. కాదంటే క్లాసు మాన్పిస్తారేమోనని టెన్షన్. — ఒక తల్లి

జవాబు: వద్దనే చెప్పండమ్మా. 2015 బాలల న్యాయ చట్టంలో 74వ సెక్షన్ ఉంది, కేసులో ఉన్న పిల్లల పేరు, చిరునామా, బడి, వాళ్లను గుర్తుపట్టే వివరం ఏదీ పత్రికల్లోగానీ, వీడియోల్లోగానీ, మరే రకంగాగానీ బయటపెట్టకూడదు. తప్పితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. స్టేజి మీద చెప్పింది అరగంటలో వాట్సాప్‌లో తిరుగుతుంది, మళ్లీ వెనక్కి రాదు. కేసు కారణంగా ముందుముందు ఉద్యోగానికి, చదువుకు అనర్హత రాకూడదని అదే చట్టంలోని 24వ సెక్షన్ చెబుతుంటే, నిధుల కోసం వాడి నోటితోనే ఊరందరికీ చెప్పించడం ఏం న్యాయం. క్లాసువాళ్ల దగ్గర గొడవ పడకండి, "మా అబ్బోడు వాయిస్తాడు సార్, మాట్లాడడు" అనండి. అప్పటికీ వినకపోతే 74వ సెక్షన్ అని ఒక్క ముక్క అనండి, చాలామందికి అలాంటిది ఉందనే తెలియదు.

ఇది మొదటి ఉత్తరం రాసినావిడకూ వర్తిస్తుంది. అర్జీకి పిల్లల ఫొటోలు, పేర్లు జత చేయొద్దు, సంఖ్యలు చాలు.

ప్రశ్న: తిరుపతిలో టీటీడీ వాళ్ల సంగీత, నృత్య కళాశాల ఉంది, నాదస్వరం, డోలు పాఠశాల ఉంది. అన్నమయ్య సంకీర్తనలు వినబడని రోజు లేదు. ఇన్ని ఉండగా కార్పొరేషన్ డబ్బుతో వీధుల్లో పలకలు కొట్టించడం దేనికి? — ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీ ప్రశ్నలో సగం న్యాయం ఉంది. కాలేజీ అంటే అర్హత, దరఖాస్తు, హాజరు. పొద్దున టీ కొట్లో గ్లాసులు కడిగి సాయంత్రానికి తీరుబడి దొరికే పిల్లవాడు ఆ గేటు దాటి లోపలికి ఎలా వెళతాడు? రెండో సగం నాకు నచ్చలేదు. మేలో గంగమ్మ జాతర వస్తే ఊరంతా పలక దెబ్బకు ఊగుతుంది, వేషాలు కట్టేవాళ్ల అడుగు కదిలేదే ఆ దెబ్బకు. జాతర అయిపోగానే అదే పలకను "చావు మేళం" అని దూరం పెడతాం, వాయించేవాణ్ని ఇంటి బయటే నిలబెడతాం. ఈ చిన్నచూపు మీ ఉత్తరంలో కూడా "కొట్టించడం" అనే మాటలో దూరింది, కోపం తెచ్చుకోకండి.

కాకపోతే మీరన్నదాంట్లోంచి మంచి దారి ఒకటి దొరుకుతుంది. ఆ పాఠశాలల్లో నేర్చుకుని బయటికొచ్చి కచేరీలు లేక, పెళ్లిళ్ల సీజన్ కోసం ఎదురుచూసే కుర్రాళ్లు ఉంటారు. రైల్వే స్టేషన్ దగ్గరి క్లాసుకు వారానికి రెండు రోజులు వాళ్లలో ఒకరిని పెట్టుకుంటే డోలు చెప్పేవాడు దొరుకుతాడు, ఆ కుర్రాడికి నెల గడుస్తుంది, పలక నేర్పే మాస్టారు ఎలాగూ ఉండనే ఉన్నాడు. పై ఉత్తరం రాసినావిడకు అలాంటివాళ్లెవరైనా తెలిస్తే పంపండి, మా కార్యాలయానికి రాస్తే ఆవిడకు చేరుస్తాం.