పాఠకుల ప్రశ్నలు: నొప్పి తెలియనివ్వని ఫీనాల్

ప్రశ్న: డీఎన్ఏను వేరుచేసే పనికి మా ప్రయోగశాలలో ఫీనాల్ వాడుతున్నాం. ఈమధ్య నా సహాధ్యాయి మణికట్టు మీద ఒక చుక్క పడింది. మంట లేదు కదా అని తుడిచేసుకొని పని కొనసాగించింది. అరగంట తర్వాత చూస్తే అక్కడ చర్మం సున్నం పూసినట్లు తెల్లబడి ఉంది. ఆమ్లం పడితే మండాలి కదా, ఇదెందుకు మండలేదు? (ఒక పరిశోధక విద్యార్థిని)

జవాబు: మండకపోవడంలోనే దాని ప్రమాదమంతా ఉంది. కార్బాలిక్ ఆమ్లమనే పాత పేరు ఉన్నందువల్ల ఫీనాల్ కూడా మిగతా ఆమ్లాల్లాగే కాలుస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, ఆమ్లంగా అది చాలా బలహీనమైనది. ఆమ్ల బలాన్ని తెలిపే పీకేఏ విలువ (ఇది ఎంత ఎక్కువైతే ఆమ్లం అంత బలహీనం) దానికి సుమారు 10, అంటే సోడానీటిలో ఉండే కార్బానిక్ ఆమ్లం పాటి బలం కూడా దానికి లేదు. అది చర్మాన్ని పాడుచేసేది ఆమ్లత్వంతో కాదు, ప్రొటీన్ల మడతలను విప్పి వాటిని గడ్డకట్టించే గుణంతో. మీరు గొట్టంలో ఫీనాల్ కలిపి, గిర్రున తిప్పి పొరలను వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి బయటికి తీసినప్పుడు, పైనున్న నీటి పొరకూ అడుగునున్న ఫీనాల్ పొరకూ నడుమ తెల్లని తెట్టు కనిపిస్తుంది కదా, అది అలా రూపు చెడిన ప్రొటీనే. మీ సహాధ్యాయి మణికట్టు మీది తెలుపు కూడా ఆ బాపతే. ఏ గుణం కోసం మనం ఫీనాల్‌ను తెచ్చుకుంటామో ఆ గుణమే చర్మం మీదా పనిచేస్తుంది.

ఇక నొప్పి సంగతి. ఫీనాల్ తగిలిన చోట మొదట కాస్త చురుక్కుమన్నా, కొద్దిసేపటికే నరాల చివరలు మొద్దుబారిపోతాయి. గొంతు నొప్పికి వాడే కొన్ని స్ప్రేలలో 1.4 శాతం ఫీనాల్ ఉండేది ఈ మొద్దుబరిచే గుణం కోసమే. మందులకు లొంగని నొప్పుల్లో వైద్యులు గాఢమైన ఫీనాల్‌తో నరాన్నే పనిచేయకుండా చేయడమూ ఉంది. కాబట్టి ఫీనాల్ విషయంలో నొప్పి లేదన్న మాటకు ఏమీ కాలేదని అర్థం చెప్పుకోకూడదు.

చర్మం పైన కనిపించేది సగం కథే. ఫీనాల్ అటు కొవ్వులోనూ ఇటు నీటిలోనూ కరుగుతుంది గనుక చర్మాన్ని తేలిగ్గా దాటి రక్తంలో చేరుతుంది. అక్కడి నుంచి మెదడు, గుండె, కాలేయం, మూత్రపిండాల మీద దెబ్బ తీయగలదు. గాయం ఎంత లోతన్నదాని కంటే ఎంత మేర తగిలింది, ఎంతసేపు ఉంది అన్నవే ఎక్కువ లెక్కలోకి వస్తాయి. ఒళ్లంతా చెమట పట్టడం, నీరసం, గుండె లయ తప్పడం, మూత్రం నల్లగా మారడం, మూర్ఛ రావడం వంటివి ఫీనాల్ ఒంట్లోకి చేరిందనడానికి గుర్తులు. పెద్ద మోతాదులో ఒంటి మీద ఒలికితే కొద్ది గంటల్లోనే ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. మీ సహాధ్యాయి విషయంలో అది ఒక చుక్కే గనుక బహుశా ఆ చోట చర్మం గోధుమ రంగుకు మారి పొరగా ఊడిపోవడంతో సరిపోవచ్చు. అయినా అరగంట సేపు చర్మం మీద ఉండిపోయింది కాబట్టి, ఇంతవరకు వైద్యుడికి చూపించకపోతే ఇప్పుడైనా చూపించమనండి.

ప్రశ్న: ఫీనాల్ పడితే వంటసోడా చల్లాలని మా ల్యాబ్‌లో ఒకరంటారు, అసలు నీళ్లే తగలనీయకూడదని ఇంకొకరంటారు. ఏది నిజం?

జవాబు: సోడా మాట వదిలేయండి. ఫీనాల్‌తో చర్య జరిపేంత శక్తి వంటసోడాకు లేదు. పైగా చెడుపు చేస్తున్నది ఆమ్లత్వం కాదని పైన చెప్పుకున్నాం గదా. నీళ్ల గురించి మీరు విన్న మాటలో మాత్రం సగం నిజముంది. తడిగుడ్డతో అద్దడం, కొళాయి కింద క్షణం పాటు పెట్టి తీసేయడం వంటి కొద్దిపాటి నీళ్లు ఫీనాల్‌ను తొలగించవు, పలుచన చేసి చుట్టుపక్కల చర్మానికి పాకిస్తాయి. ఆ విధంగా తగిలిన మేర పెరిగితే ఒంట్లోకి చేరేదీ పెరుగుతుంది.

సరైన మందు పాలీఇథిలీన్ గ్లైకాల్, ముఖ్యంగా 300 లేదా 400 అణుభారం ఉన్న రకం. చూడటానికి పలుచని నూనెలా ఉండే ఈ ద్రవంలో ఫీనాల్ బాగా కరుగుతుంది, అయినా అది ఫీనాల్‌ను చర్మంలోకి తోడ్కొని పోదు. ఫీనాల్ వాడే ప్రతి ఫ్యూమ్ హుడ్ (ఆవిరులను బయటికి లాగేసే గూడు) పక్కనా దీని సీసా, దూది ఉండలు ఉండాలి; బీరువాలో తాళం వేసి పెట్టిన సీసా లేనిదాని కిందే లెక్క. చుక్క పడగానే తడిసిన తొడుగు, చొక్కా, గడియారం, ఉంగరం అన్నీ తీసేయాలి. గ్లైకాల్‌లో ముంచిన దూదితో తుడిచి ఆ దూదిని పారేసి కొత్తది తీసుకోవాలి. వాడిన దూదినే మళ్లీ ముంచితే తుడిచిన ఫీనాల్ తిరిగి చర్మం మీదికే వస్తుంది. ఇలా కనీసం పదిహేను నిమిషాలు, వాసన పూర్తిగా పోయేదాకా చేయాలి. సాయం చేసేవాళ్లు తమ చేతులకు తొడుగులు వేసుకోకుండా ముట్టుకోకూడదు.

గ్లైకాల్ అందుబాటులో లేకపోయినా, ఒంటి మీద ఎక్కువ మేర పడినా, దాని కోసం వెతుకుతూ నిలబడకుండా బట్టలు విప్పేసి అత్యవసర షవర్ కిందికి వెళ్లాలి. అక్కడ ధారగా, జోరుగా, ఆపకుండా పడే నీరు ఫీనాల్‌ను పాకనీయకుండా కడిగేస్తుంది. కంట్లో పడితే మాత్రం గ్లైకాల్ వాడకూడదు, రెప్పలు విప్పి పట్టుకొని నీళ్లతోనే కడగాలి. ఏ సందర్భంలోనైనా ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లాల్సిందే, అదీ ఒంటరిగా కాదు, ఫలానా రసాయనం పడిందని చెప్పగల మనిషి తోడుగా వెళ్లాలి.

ప్రశ్న: మా దగ్గరున్న ఫీనాల్ స్ఫటికాలు గులాబీ రంగుకు మారాయి. కరిగించి వాడుకోవచ్చా?

జవాబు: స్వచ్ఛమైన ఫీనాల్ రంగులేని స్ఫటికాలుగా ఉంటుంది. గాలి, వెలుతురు సోకిన కొద్దీ ఆక్సీకరణం చెంది క్వినోన్ల వంటి పదార్థాలు పుట్టడం వల్ల మొదట గులాబీ రంగు, తర్వాత గోధుమ రంగు వస్తుంది. ఆ పదార్థాలు డీఎన్ఏ గొలుసులను తెంపుతాయి గనుక ఆ పనికి దాన్ని వాడకండి. బజారులో దొరికే ద్రావణాలు పసుపు రంగులో ఉంటే కంగారుపడనక్కరలేదు. అది ఆక్సీకరణను అడ్డుకోవడానికి 0.1 శాతం మేర కలిపే హైడ్రాక్సీక్వినోలిన్ రంగు. ఏ పొర ఫీనాలో కంటికి తెలియడానికీ ఆ పసుపు పనికొస్తుంది.

కరిగించడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: తప్పనిసరి అయితే తప్ప ఆ పని పెట్టుకోవద్దు. ఫీనాల్ సుమారు 41 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, కాబట్టి కరిగించడం కష్టమేమీ కాదు. అయితే వేడి ఫీనాల్ చల్లని దానికంటే చాలా ఎక్కువగా ఆవిరవుతుంది, చిందితే లోతుగా కాలుస్తుంది, 79 డిగ్రీల దగ్గర దాని ఆవిరి నిప్పు అంటుకునే స్థితికి చేరుతుంది. బిగించిన మూతతో సీసాను వేడినీటిలో పెట్టి, లోపలి ఒత్తిడికి మూత ఎగిరి ముఖం మీద పడిన ఉదంతాలు పాత ల్యాబ్‌లలో పనిచేసినవారి నోట వింటూనే ఉంటాం. ముందే, ఆమ్ల-క్షార స్థాయిని (పీహెచ్) మారనీయని బఫర్‌తో సంతృప్తం చేసి, పీహెచ్ 8కి సరిచేసిన ద్రావణాన్ని కొనుక్కుంటే ఈ ప్రమాదమంతా తప్పుతుంది. ఆర్ఎన్ఏ పనికి కావాలంటే ఆమ్ల పీహెచ్ ఉన్న రకాన్ని అడగండి. రెండింటి సీసాలూ ఒకేలా ఉంటాయి గనుక చీటీ చదవకుండా పోయకండి.

ప్రశ్న: మేం ఎప్పుడూ నీలిరంగు నైట్రైల్ గ్లోవ్స్ వేసుకునే పనిచేస్తాం. అవి చాలవా?

జవాబు: సన్నని నైట్రైల్ తొడుగు ఒక చుక్క చిందితే తీసిపారేసేంత వ్యవధి ఇస్తుంది, అంతకు మించి ఆశించకూడదు. డీఎన్ఏ పనికి ఫీనాల్, క్లోరోఫాం అనే ద్రావణి కలిపి వాడే మిశ్రమమైతే కొద్ది నిమిషాల్లోనే ఆ తొడుగును దాటేస్తుంది. సీసాలోంచి వంపేటప్పుడు, ఒలికినదాన్ని శుభ్రం చేసేటప్పుడు బ్యూటైల్ రబ్బరు లేదా నియోప్రీన్ తొడుగులే వాడాలి. ద్రవాన్ని కొద్దికొద్దిగా కొలిచి తీసే పిపెట్‌తో చేసే చిన్న పనికి రెండు జతల నైట్రైల్ వేసుకొని, చుక్క పడగానే పై జత మార్చేయడం ఆచరణలో కుదిరే పద్ధతి.

నా చేతి మీద ఇప్పటికీ లేత మచ్చ ఒకటుంది. తొడుగు అంచుకూ కోటు చేతికీ మధ్య వేలెడంత చర్మం ఖాళీగా ఉండిపోయిన రోజు గొట్టం మూత సరిగా పడక, కలిపేటప్పుడు సన్నని ధార చిమ్మి సరిగ్గా అక్కడే పడింది. అది పడిన సంగతి సాయంత్రం చేతులు కడుక్కునేటప్పుడు గానీ నాకు తెలియలేదు. అప్పటినుంచి తొడుగు అంచును కోటు చేతి మీదికి లాక్కుంటాను, మూత టక్కుమన్న చప్పుడు వినిపిస్తే గానీ గొట్టాన్ని కదపను. గొట్టాలు కూడా పాలీప్రొపిలీన్‌వే అయి ఉండాలి. పాలీకార్బనేట్, పాలీస్టైరీన్ గొట్టాలు ఈ మిశ్రమానికి తట్టుకోలేవు.

చర్మం చెప్పని మాట ముక్కు చెబుతుంది. తియ్యగా, తారు కలిసినట్లుండే ఫీనాల్ వాసన గాలిలో 0.04 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.04 భాగం) దగ్గరే తెలుస్తుంది. అమెరికాలో పనిచేసేచోట గాలిలో దీనికి విధించిన పరిమితి 8 గంటల సగటుగా 5 పీపీఎం. అయితే కాసేపటికి ముక్కు ఆ వాసనకు అలవాటుపడిపోతుంది గనుక, ఫ్యూమ్ హుడ్‌కు బదులుగా ముక్కును నమ్ముకోలేం.

ప్రశ్న: ఒకప్పుడు వైద్యులు దీన్ని గాయాలకే పూసేవారట, నిజమేనా?

జవాబు: నిజమే. 1834లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త రుంగే బొగ్గుతారు నుంచి వేరుచేసిన ఈ పదార్థాన్ని 1865లో గ్లాస్గోలో శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ ఎముక విరిగి తెరుచుకున్న గాయం మీద వాడి, చీము పట్టకుండా నయం చేశారు. శస్త్రచికిత్స చరిత్ర అక్కడ మలుపు తిరిగింది. అయితే సూక్ష్మజీవుల ప్రొటీన్లతో పాటు రోగి, వైద్యుల చర్మాన్నీ అది వదలలేదు. ఆపరేషన్ గదిలో గాలిలోకి చల్లే కార్బాలిక్ స్ప్రేను చివరికి లిస్టరే విడిచిపెట్టారు.

ప్రశ్న: పని అయ్యాక మిగిలిన ఫీనాల్‌ను బ్లీచ్ పోసి సింకులో పారబోయవచ్చా?

జవాబు: రెండూ తప్పే. బ్లీచ్‌తో కలిస్తే ఫీనాల్ క్లోరోఫీనాల్‌లనే విష పదార్థాలుగా మారుతుంది. ఆర్ఎన్ఏ కోసం వాడే ద్రావణాల్లో ఫీనాల్‌తో పాటు గ్వానిడీన్ థయోసయనేట్ అనే లవణం ఉంటుంది గనుక వాటి మీద బ్లీచ్ పోస్తే విషవాయువులు వెలువడతాయి. సింకులో పోస్తే నీటి జీవులకు విషం. ఫార్మాల్డిహైడ్ ఉన్న వ్యర్థాలతోనూ కలపకండి, ఆ రెండూ కలిసి ఉధృతంగా వేడెక్కవచ్చు. ఫీనాల్, క్లోరోఫాం వ్యర్థాలకు విడిగా ఒక గాజు సీసా పెట్టి, పైన పేరు రాసి, మెడ దాకా నింపకుండా హుడ్‌లోనే ఉంచి, ప్రమాదకర వ్యర్థాలను సేకరించేవారికి అప్పగించండి. ముంచిన పిపెట్ మొనలు, తుడిచిన కాగితాలు మామూలు చెత్తబుట్టలో వేయకండి. మర్నాడు ఆ బుట్టను చేత్తో ఎత్తే మనిషికి అందులో ఏముందో తెలియదు.