పోస్టర్‌కి ఎంపికైతే తక్కువేం కాదు

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. వేపాకు సారం బ్యాక్టీరియాను ఎంతవరకు అడ్డుకుంటుందన్నది నా ప్రాజెక్టు. ఒక జాతీయ సదస్సుకు అబ్‌స్ట్రాక్ట్ (పరిశోధన సంగ్రహం) పంపితే ఓరల్‌కు (వేదిక మీద ప్రసంగానికి) కాకుండా పోస్టర్‌కు (పెద్ద షీటు మీద ముద్రించి, పక్కన నిలబడి వివరించడానికి) తీసుకున్నారు. పీహెచ్‌డీ చేయాలనుకునే నాకు ఇది పనికొస్తుందా? ఎలా సిద్ధం కావాలి?

జవాబు: పీహెచ్‌డీ గైడ్ కోసం చూస్తున్నవారికి ఓరల్ కంటే పోస్టరే మేలని నా అభిప్రాయం. వేదిక మీద పది నిమిషాలు మాట్లాడితే ఒకటి రెండు ప్రశ్నలతో సరి. పోస్టర్ దగ్గరైతే మీ రంగంలోని ప్రొఫెసర్ ఎదురుగా నిలబడి మీ గ్రాఫ్ గురించే అడుగుతారు.

నిర్వాహకులు చెప్పిన కొలత ముందు చూసుకోండి. నిలువు ఏ0 అయితే పవర్‌పాయింట్‌లో స్లైడ్ సైజు మొదట్లోనే 84.1 × 118.9 సెం.మీ. పెట్టండి. చివర్లో మారిస్తే అన్నీ చెదిరిపోతాయి. శీర్షిక 85 పాయింట్లు, మిగతాది 28కి తగ్గొద్దు. మొత్తం 500 పదాలు చాలు. ఒకసారి ఏ4 మీద ప్రింట్ తీయండి. అందులో 28 పాయింట్ల అక్షరం 7 అవుతుంది. చేతిలో పట్టుకుని అది చదవలేకపోతే, మీటరున్నర దూరం నుంచి అసలు పోస్టర్‌నూ చదవలేరు.

చాలా పోస్టర్లు పాడయ్యేది ప్రింటింగ్ షాపులోనే. ఫ్లెక్స్ షాపుల్లో అడుగుల లెక్క. 3×4 అడుగులకు నిండుగా రావాలని ఏ0 ఫైలును సాగదీస్తారు. వెడల్పు ఎక్కువ సాగి, మీ పెట్రీ డిష్‌లోని గుండ్రటి ఇన్‌హిబిషన్ జోన్లు (బ్యాక్టీరియా పెరగని వలయాలు) కోలగా మారతాయి. జోన్ వ్యాసమే మీ ఫలితం కదా! అంచుల్లో తెలుపు మిగిలినా సరే, సాగదీయొద్దని చెప్పండి. పీపీటీ ఇస్తే ఫాంట్లు మారిపోవచ్చు, పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. గ్రాఫ్‌కు స్క్రీన్‌షాట్ వాడొద్దు. 600 పిక్సెళ్ల బొమ్మను 30 సెం.మీ. వెడల్పుకు పెంచితే అంగుళానికి 50 పిక్సెళ్లే మిగిలి అంకెలు మసకబారతాయి. కనీసం 150 ఉండాలి. మెరిసే ఫ్లెక్స్ మీద లైట్లు పడి చదవనివ్వవు, మ్యాట్ అడగండి. మడతపెట్టకుండా చుట్టి తీసుకెళ్లండి.

పోస్టర్‌కు అడ్డం రాకుండా పక్కన నిలబడండి. ప్రశ్న ఏమిటి, ఏం చేశారు, ఏం తేలింది అన్నది నిమిషంలో చెప్పాలి. ‘మూడుసార్లు చేశాం’ అనగానే తర్వాతి ప్రశ్న వస్తుంది: ఒకే సారాన్ని మూడు ప్లేట్లలో వేశారా, మూడుసార్లు విడిగా సారం తీశారా? గ్రాఫ్‌లో హెచ్చుతగ్గులను చూపే గీత, అంటే ఎర్రర్ బార్, ఎస్‌డీయా (స్టాండర్డ్ డీవియేషన్), ఎస్‌ఈఎమ్మా (సగటుకు స్టాండర్డ్ ఎర్రర్)? ఈ రెండింటికీ తడుముకోకూడదు. తెలియనిది తెలియదనే చెప్పండి.

ఆసక్తి చూపినవారికి రెండు రోజుల్లోపు పీడీఎఫ్ జతచేసి మెయిల్ పెట్టి, పీహెచ్‌డీ ఖాళీల గురించి అందులోనే అడగండి. రెజ్యూమెలో దీన్ని ‘పోస్టర్ ప్రెజెంటేషన్’ అనే రాయండి, ప్రచురణల కింద చేర్చకండి.