ఆన్‌లైన్‌లో చీరలు అమ్మేవాళ్లకు రిటర్న్ పాలసీలు నిజంగా అన్యాయమేనా?

మంగళగిరి కాటన్ చీరలు ఒక పెద్ద సైట్‌లో పెట్టి అమ్మాలనుకుంటున్నారు, రిటర్నులు ముంచేస్తాయని ఎవరో చెబితే ఆగిపోయారు, అందులో నిజమెంత అన్నది మీ ప్రశ్న. మాది చీరల వ్యాపారమే. నేతగాళ్ల దగ్గర తెచ్చి షాపులో అమ్ముతాం, కొన్నేళ్లుగా ఆన్‌లైన్‌లోనూ పెడుతున్నాం. నన్నడిగితే, రిటర్న్ ఉండటం అన్యాయం కాదు. సరుకు ఎందుకు వెనక్కి వచ్చిందో తేల్చే పద్ధతే అన్యాయం.

షాపుకి వచ్చినవాళ్లు చీర చేత్తో పట్టుకుని, కొంగు విప్పించి, గుమ్మం దాకా వెళ్లి వెలుతురులో రంగు చూసి గానీ బేరం మొదలుపెట్టరు. ఫోన్‌లో అవేవీ కుదరవు. ముక్కూ మొహం తెలియని మన దగ్గర కొంటున్నారంటే, బాగోకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చన్న ధీమాతోనే. పైగా పవర్‌లూమ్ చీరకి చేనేత అని పేరు పెట్టి అమ్మేవాళ్లు మనలోనే బోలెడుమంది. వాళ్ల చీరలు వెనక్కి రావాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు.

చట్టం చెప్పేదీ దాదాపు ఇంతే. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం సరుకులో లోపం ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన తేదీ దాటాక చేరినా అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోం అనకూడదు. ‘ఊరికే నచ్చలేదు’ అంటే తీసుకోవాలని మాత్రం అందులో లేదు. అది సైటు తన కస్టమర్‌కి ఇచ్చే వరం. ఖర్చు చాలాసార్లు మన ఖాతాలో పడుతుంది. సొమ్మొకడిది, సోకొకడిది.

అసలు మెలిక కారణాల జాబితాలో ఉంది. రిటర్న్ నొక్కగానే కొన్నవాళ్లకి నాలుగైదు కారణాలు కనిపిస్తాయి. ‘మనసు మారింది’ అంటే సైటు ఒప్పుకోకపోవచ్చు, ‘క్వాలిటీ బాలేదు’ అంటే వెంటనే ఒప్పుకుంటుంది. అలాంటప్పుడు ఎవరైనా దేని మీద నొక్కుతారు? వాళ్లని తప్పుబట్టను, ఆ జాబితాయే వాళ్ల చేత అబద్ధం ఆడిస్తోంది. కానీ ఆ ఒక్క నొక్కుడే మన మీద తీర్పు. రిటర్న్ షిప్పింగ్ మనకే, రేటింగ్ దెబ్బా మనకే.

శ్రావణమాసం వస్తే ఈ తమాషా బాగా తెలుస్తుంది. వరలక్ష్మీ వ్రతం ముందు ఆర్డర్లు పోటెత్తుతాయి, ఆ శుక్రవారం దాటాక పార్సిళ్లు తిరుగుముఖం పడతాయి. అలా వచ్చిన ఒకటి విప్పితే మడత మేం వేసింది కాదని చూడగానే తెలిసిపోయింది. భుజం దగ్గర పిన్ను పెట్టిన రెండు చిల్లులు, కుచ్చిళ్ల మీద పసుపు మరక, అడుగు అంచు పొడవునా ఫాల్ కుట్టి విప్పేసిన సూది రంధ్రాలు. కారణం దగ్గర ‘ఫోటోలో రంగు వేరు’ అని ఉంది! ఫోటోలు తీసి, నష్టం కట్టివ్వమని సైటుకి క్లెయిమ్ పెడితే స్పష్టంగా లేవన్నారు. మళ్లీ తీసి పంపాం, కేసు మూసేశామని మెయిల్ వచ్చింది. ఏ మనిషైనా ఆ ఫోటోలు చూశాడా అన్నది ఇప్పటికీ నా డౌటే.

గంజి పెట్టిన కాటన్ చీర సంగతి మీకు తెలిసిందే. ఒక్కసారి కడితే ఆ కరకర పోతుంది, ఎంత ఇస్త్రీ చేసినా కొత్త మడత నిలవదు. లెక్క ఇలా ఉంటుంది. 1,200 రూపాయల చీర మీద కమిషన్, షిప్పింగ్, చీర ఖరీదు పోగా 150 మిగిలిందనుకోండి. అది తిరిగొస్తే రిటర్న్ షిప్పింగ్, ప్యాకింగ్ కలిపి మరో 150 పోతుంది. కట్టి విప్పిన చీరని షాపులో అసలు కంటే 200 తగ్గించి వదిలించుకోవాలి. మొత్తం 350. రెండు చీరల లాభం పోయి మూడోదానిలోనూ చెయ్యి పెట్టాల్సి వస్తుంది.

యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకి ఏ కారణం చెప్పకుండా 14 రోజుల్లో వెనక్కి ఇచ్చే హక్కు చట్టంలోనే ఉంది. వినడానికి మనకంటే ఘోరంగా ఉంది కదా? కానీ తిరుగు షిప్పింగ్ మామూలుగా కొన్నవాళ్లదే, అమ్మినవాళ్లు భరిస్తామంటే తప్ప. సరుకు ఎలా ఉందో చూసుకోవడానికి అవసరమైనదానికి మించి వాడి విలువ తగ్గిస్తే, ఆ మేరకు రీఫండ్‌లో కోత పెట్టొచ్చు. అద్దం ముందు భుజాన వేసుకుని చూడటం వేరు, కట్టుకుని పేరంటానికి వెళ్లిరావడం వేరు. నాకు నచ్చింది ఆ తేడా చూడటమే. మేం అమ్మే చోట మాత్రం డబ్బు మొత్తం వెనక్కి ఇవ్వాలి, లేదంటే రిటర్నే లేదు, మధ్యస్తం అన్న మాటే లేదు.

భయపడి మానేయకండి గానీ, కొన్ని పట్టించుకోండి. ట్యాగ్‌ని బ్లౌజ్ ముక్క దగ్గర కాకుండా కొంగు మీద, కనపడేచోట దారంతో కట్టండి. అది తీయకుండా కట్టుకుని బయటికి వెళ్లలేరు. చీర విప్పి చూపించడం నుంచి పార్సిల్ మీద లేబుల్ అతికించేదాకా ఎక్కడా ఆపకుండా ఒకే వీడియో తీయండి. రిటర్న్ వచ్చినప్పుడు కవర్ కత్తిరించకముందే మళ్లీ వీడియో మొదలుపెట్టండి, లేబుల్ నంబరు కనపడాలి. క్లెయిమ్‌కి గడువు చాలా తక్కువ ఇస్తారు కాబట్టి పండగ రద్దీలో పార్సిళ్లు మూలన పడేయకండి. ఫోటోలు ట్యూబ్‌లైటు కింద కాకుండా పగటి వెలుతురులో తీస్తే రంగు గొడవలు సగం తగ్గుతాయి, ఇది మాకు బాగా పనిచేసింది.

క్యాష్ ఆన్ డెలివరీలో తలుపు దగ్గరే వద్దని పంపేసేవాటిని ఆర్‌టీఓ అంటారు, అవి వేరే లెక్క. వాటికి షిప్పింగ్ మన మీద వేస్తారో లేదో సైటుని బట్టి ఉంటుంది, చేరేముందు రేటు కార్డులో, అంటే సైటు మన దగ్గర దేనికెంత తీసుకుంటుందో రాసిన పట్టికలో, ఆ లైను వెతికి చూసుకోండి.

పట్టు చీరలు మాత్రం మేం ఆ సైట్లలో పెట్టం. అడిగినవాళ్లకి వాట్సాప్ వీడియో కాల్‌లో కొంగు, అంచు, జరీ అన్నీ విప్పి చూపించి, డబ్బు ముందే తీసుకుని పంపుతున్నాం.