వ్యాయామం పెంచాక ఆకలి ఆగడం లేదు.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 36, బరువు 78 కిలోలు. ఇదివరకు నడిచేదాన్ని. ఈమధ్య జాగింగ్, జిమ్ మొదలుపెట్టాను. పొద్దున వ్యాయామం అయ్యాక కాఫీ తప్ప ఏమీ తీసుకోను. మధ్యాహ్నం కూడా తక్కువే తింటాను. సాయంత్రానికి మాత్రం ఆకలి తట్టుకోలేకపోతున్నాను. రాత్రి ఎంత తిన్నా తృప్తి ఉండదు. బరువూ తగ్గలేదు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉందండీ. శ్రమ పెంచారు, పగటి తిండి తగ్గించారు. శరీరం ఆ బాకీని సాయంత్రం వసూలు చేసుకుంటోంది. నోరు కట్టుకోలేకపోతున్నానని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. గట్టిగా వ్యాయామం చేశాక ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ కాసేపు తగ్గుతుంది. పొద్దున ఏమీ తినాలనిపించకపోవడానికి అదీ ఒక కారణమే. ఆ ప్రభావం ఎక్కువసేపు ఉండదు.

కాబట్టి రాత్రి భోజనం మీద యుద్ధం మానేసి, ముందు పొద్దున సంగతి చూడండి. వ్యాయామం అయిన గంట, గంటన్నరలోపు కడుపునిండా టిఫిన్ తినండి. అందులో ప్రొటీన్ ఉండాలి. కిడ్నీ సమస్యలు లేకపోతే మీరు రోజుకు 90 గ్రాముల దాకా తీసుకోవచ్చు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే కాబట్టి పప్పులు, పెరుగు, చేప లేదా చికెన్ ఇలా మూడు పూటలా సర్దుకోవాలి. సాయంత్రం ఆకలి ముదరకముందే ఒక పండు, గుప్పెడు గింజలు తినండి. రాత్రి ఆకలి చాలావరకు అదుపులోకి వస్తుంది.

ఇక బరువు. చేతి గడియారం చూపే కేలరీలను నమ్మి తినకండి, అవి తరచూ ఎక్కువ చూపిస్తాయి. అరగంట జాగింగ్‌లో మీకు ఖర్చయ్యేది సుమారు 250-300 కేలరీలు. అర లీటరు కూల్‌డ్రింకు, నాలుగు బిస్కెట్లతో అదంతా తిరిగొస్తుంది. కొత్తగా బరువులెత్తేవారి కండరాల్లో కొంత నీరు చేరుతుంది. అందుకే కొన్నాళ్లు కాటా కంటే నడుము కొలతే నయం. నిద్ర తగ్గినా ఆకలి పెరుగుతుంది, ఏడు గంటలకు తగ్గనివ్వకండి.

బాగా తింటున్నా బరువు తగ్గిపోవడం, అతిదాహం, మాటిమాటికీ మూత్రం, గుండెదడ ఉంటే షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. ఇప్పటికే షుగర్‌కు మందులు లేదా ఇన్సులిన్ వాడుతుంటే, వ్యాయామం తర్వాత ఆకలితోపాటు వణుకు, చెమటలు పడితే వెంటనే షుగర్ చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోవాలి. మందుల మోతాదు మార్చాలేమో మీ డాక్టర్‌ను అడగండి.