గోడలో పైపు కారితే ఎవరిని పిలవాలి?

ప్రశ్న: మాది మల్కాజిగిరిలో పదిహేనేళ్ల నాటి అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. మా బాత్‌రూమ్ కింద, మొదటి అంతస్తువాళ్ల సీలింగ్‌కి చెమ్మ దిగుతోంది. బిల్డింగ్ కట్టినప్పుడు పైపులు వేసిన ప్లంబరే ఇప్పటికీ మా పనులు చూస్తాడు. మూడు రోజులదాకా రాలేనన్నాడు. యాప్‌లో బుక్ చేస్తే గంటలో వస్తారని మా అబ్బాయి అంటున్నాడు. కిందివాళ్లు రోజూ అడుగుతున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మూడు రోజులు ఆగండి. ఈలోగా నీళ్లు ఎక్కణ్నుంచి దిగుతున్నాయో మీరే తేల్చుకోవచ్చు. అది తేలకుండా ఎవరొచ్చినా ముందు టైల్సే పగలగొడతారు.

ముందుగా ఆ బాత్‌రూమ్‌కి నీళ్లొచ్చే వాల్వు కట్టేయండి. పైపులు దిగే సందు (డక్ట్)లోనో, టెర్రస్ మీద ట్యాంకు దగ్గరో ఉంటుంది. రాత్రంతా బాత్‌రూమ్ వాడకండి. స్లాబులో అప్పటికే నిలిచిన నీళ్లు ఇంకా కొంతసేపు కారతాయి కాబట్టి ఒక్క రాత్రికి తేడా తెలియకపోతే ఇంకో రోజు చూడండి. అదే బాత్‌రూమ్‌ని మర్నాడు వాల్వు తెరిచి, వాడకుండా ఉంచండి. వాడకపోయినా వాల్వు తెరవగానే చుక్క పెరిగిందంటే గోడలోని నీళ్ల లైను కారుతున్నట్టే. ఆ లైనులో ప్రెషర్ ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది.

వాల్వుతో తేడా లేకపోతే అనుమానం డ్రైనేజీ మీదికి వెళ్తుంది. రెండు బకెట్ల నీళ్లు నేల తడవకుండా నేరుగా నహానీ ట్రాప్‌లో, అంటే నేలమీది నీళ్లు పోయే జాలీ గుంటలో పోయండి. కింద చెమ్మ పెరిగితే ట్రాప్ జాయింటో, వేస్ట్ పైపో కారుతోంది. పెరగకపోతే ట్రాప్ నోటికి పాలిథిన్ కవరు కట్టిన గుడ్డ బిగించి, నేల మీద అంగుళం లోతు నీళ్లు నిలిపి మూడు నాలుగు గంటలు చూడండి. అప్పుడు చెమ్మ వస్తే టైల్స్ మధ్య గ్రౌటు, దాని కింద వాటర్‌ప్రూఫింగ్ పోయాయన్నమాట. ఇది ప్లంబర్ పని కాదు, వాటర్‌ప్రూఫింగ్ చేసే మేస్త్రీ పని. తప్పు మనిషిని పిలిచి డబ్బులు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే.

నీళ్ల లైనే అని తేలితే మీ పాత ప్లంబర్ కోసం ఆగడమే మంచిది. పైపు ఏ గోడలోంచి ఎక్కిందో, ఏ టైలు వెనక పైపు రెండుగా చీలే టీ జాయింటు ఉందో, గీజరు లైను ఎటు తిరిగిందో అతనికి తెలుసు. ఆ తెలిసినతనానికే మీరు డబ్బులిస్తున్నారనుకోండి. కొత్తవాళ్లు ఎంత పనిమంతులైనా నాలుగు చోట్ల పగలగొట్టి చూడాల్సిందే. పైగా యాప్‌లో పని స్లాటు లెక్కన, రేటు కార్డు లెక్కన నడుస్తుంది. పైపు మార్చడం వరకే ఉందా, టైల్స్ తిరిగి వేయడం కూడా ఉందా అన్నది బుక్ చేయకముందే చదవాలి. ఈలోగా వాల్వు కట్టేసి, బకెట్లతో గడిపితే కిందివాళ్లకు నష్టం పెరగదు.

ఆ వాల్వే సరిగ్గా పట్టకపోతే మాత్రం ఆగనక్కర్లేదు. పాత గేట్ వాల్వుల్లో బోరునీళ్ల ఉప్పు పేరుకుని లోపలి గేటు పూర్తిగా దిగదు. దాన్ని తీసి బాల్ వాల్వు వేయించడం కంటికి కనపడే పని. యాప్‌లో ఎవరొచ్చినా చేస్తారు.

నమ్మకస్తుడని మీ ప్లంబర్ పనిని చూడకుండా వదిలేయకండి. మీ లైన్లు మీగడరంగు సీపీవీసీ (వేడినీళ్లు తట్టుకునే ప్లాస్టిక్) పైపులైతే జాయింట్ వేసేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. పైపు అడ్డంగా, సమంగా కోయాలి. కోసిన అంచు మీది పొట్టు తీసేయాలి. పైపు బయట, ఫిట్టింగ్ లోపల రెండు చోట్లా సొల్యూషన్ (అతికించే జిగురు) రాసి, పావు వంతు తిప్పుతూ చివరిదాకా దూర్చి అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. పైనుంచి లైనులో చుక్క చుక్క దిగుతుంటే ఆ తడిలో సొల్యూషన్ పట్టదు, సన్నటి దారి మిగిలిపోతుంది. అది ఆ రోజు కనపడదు. ప్లాస్టరింగ్ అయ్యాక వారానికి చెమ్మై బయటపడుతుంది. సొల్యూషన్ డబ్బా మీద సీపీవీసీ అని ఉండాలి. మామూలు పీవీసీ సొల్యూషన్ వేడినీళ్ల లైనుకి నిలవదు.

ఇంకో చోటు మరీ ముఖ్యం. కుళాయికో గీజరుకో వెళ్లే నీళ్లను గోడ దగ్గర కట్టేసే చిన్న వాల్వే యాంగిల్ కాక్. అది బిగించే గోడలోని ఎల్బోలో (వంపు ముక్కలో) ఇత్తడి మర ప్లాస్టిక్‌లో పొదిగి ఉంటుంది. ఆ మరలో బిగించిన పాతకాలపు నిప్పిల్ (మరలున్న పొట్టి గొట్టం) ఉప్పుపట్టి రాకపోతే పెద్ద పైపు రెంచి వేసి గట్టిగా తిప్పేస్తారు. అప్పుడు నిప్పిల్‌కి బదులు ఆ ఇత్తడి ముక్కే ప్లాస్టిక్‌లో తిరిగిపోతుంది. పైకి ఏమీ తెలియదు, కారడం గోడ వెనక మొదలవుతుంది. మీ బాత్‌రూమ్‌లో ఈమధ్య కుళాయి గానీ యాంగిల్ కాక్ గానీ మార్చి ఉంటే మొట్టమొదట ఆ టైలునే అనుమానించండి.

పని అయ్యాక గోడ వెంటనే మూయనివ్వకండి. సొల్యూషన్ ఆరడానికి ఒక రోజు ఇచ్చి, చేతి పంపుతో ప్రెషర్ టెస్ట్ చేయించండి. పంపు మీటరులో ముల్లు ఒక గంట కదలకుండా నిలిస్తే అప్పుడు మూయండి. మూసేముందు పైపుల పక్కన కొలత టేపు పెట్టి ఫోటోలు తీసుకోండి. మళ్లీ ఎప్పుడైనా పాత ప్లంబర్ దొరక్కపోతే ఆ ఫోటోలే మీకు ఆధారం.

ప్రశ్న: కుళాయి కారుతోందని యాప్‌లో బుక్ చేశాను. వచ్చినతను లోపలి భాగం దొరకదు, మొత్తం కుళాయి మార్చాలన్నాడు. బిల్లు మూడింతలైంది. ఇది సబబేనా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కుళాయి మూతి నుంచి చుక్క పడుతుంటే చాలావరకు స్పిండిల్ (పిడి కింద ఉండి నీళ్లు ఆపే లోపలి భాగం) మారిస్తే సరిపోతుంది. పాతరకం తిప్పుడు కుళాయి అయితే అందులోని రబ్బరు వాషర్ ఒక్కటి చాలు. పిడి మొదట్లోంచి నీళ్లు ఊరితే ‘ఓ-రింగు’ అనే రబ్బరు చుట్టు అరిగింది. కుళాయి ఒళ్లు పగిలినా, స్పిండిల్ కూర్చునే లోపలి అంచు గాట్లు పడినా అప్పుడు కుళాయి మార్చక తప్పదు.

అతను అబద్ధం చెప్పాడని కూడా అనలేం. స్పిండిల్ పొడవు, మర, పిడి కూర్చునే పళ్ల లెక్క కంపెనీకొక తీరుగా ఉంటాయి. సంచిలో అన్నీ వేసుకుని ఎవరూ తిరగరు. అందుకే ముందు యాంగిల్ కాక్ గానీ మెయిన్ వాల్వు గానీ కట్టేసి, స్పిండిల్ విప్పి, దాన్ని పట్టుకుని హార్డ్‌వేర్ షాపుకి వెళ్లండి. సరిపోయేది తెచ్చుకున్నాక బిగించడానికి ఎవరినైనా పిలవండి. ఇలాంటి పనికి యాప్ బాగానే ఉంటుంది, రేటు ముందే కనపడుతుంది, బిల్లు వస్తుంది. ఇకముందు ఎవరు మార్చినా తీసిన పాత సామాను మీకే ఇవ్వమనండి.

బిల్లు మీద అభ్యంతరం ఉంటే ఫోటోలతో సహా యాప్‌లోనే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. వాళ్ల దగ్గర మీ సాక్ష్యం ఆ ఫిర్యాదు కాపీయే.

ప్రశ్న: మా ప్లంబర్‌కి రోజు కూలీ ఇవ్వాలా, పనికి ఇంత అని మాట్లాడాలా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కొత్త లైన్లకు పాయింట్ లెక్క (ఒక్కో కుళాయి చోటుకి ఇంత అని), మరమ్మతులకు పనికి ఇంత. ఎక్కడ కారుతుందో వెతకాల్సిన పనికి మాత్రం రోజు కూలీయే న్యాయం, లేకపోతే వెతకడంలో తొందరపడతారు. సామాను చీటీ రాయించుకుని మీరే కొనండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. అమ్మానాన్నలు గుంటూరులో ఒంటరిగా ఉన్నారు. గీజరు దగ్గర నీళ్లు కారుతున్నాయంటున్నారు. ఇక్కణ్నుంచే యాప్‌లో బుక్ చేయవచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: చేయవచ్చు. ఎవరొస్తున్నారో, ఎంతైందో మీకు అక్కణ్నుంచే తెలుస్తుంది, డబ్బులు మీరే కట్టవచ్చు. మీ ఊళ్లో ఆ సేవ ఉందో లేదో, ఓటీపీ నాన్నగారి ఫోన్‌కే వెళ్తుందో లేదో ముందు చూసుకోండి. రాత్రిపూట పైపు ఊడితే మాత్రం పది నిమిషాల్లో రాగలిగేది వీధిలోని ప్లంబరే. చిన్న పనులు అతనికే ఇస్తూ పరిచయం నిలుపుకోమనండి. మెయిన్ వాల్వుకి ఎర్ర గుడ్డ కట్టించండి, ఫోన్‌లో చెప్పినా వాళ్లు గుర్తుపడతారు.

ఇక ఆ గీజరు. నీళ్లు కాగేటప్పుడు వ్యాకోచిస్తాయి కాబట్టి ప్రెషర్ రిలీజ్ వాల్వు నుంచి కొద్దిగా చుక్కలు పడటం సహజం. స్విచ్ ఆపినా ఆగకుండా ధార కడితే వాల్వు పోయినట్టు, లేదా లైనులో ప్రెషర్ ఎక్కువైనట్టు. చుక్క ఆపడానికి ఆ వాల్వు నోటికి ఎండ్ క్యాప్ (మూత) బిగించేవాళ్లున్నారు. ఎవరొచ్చినా సరే, దాన్ని ఒప్పుకోవద్దని అమ్మానాన్నలకు గట్టిగా చెప్పండి. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ పాడైన రోజు లోపలి ప్రెషర్‌కి బయటికి దారి అదే, అది మూసుకుంటే ట్యాంకు పేలవచ్చు. ఎవరైనా వచ్చేదాకా ముందు కరెంటు స్విచ్ ఆపి, ఆ తర్వాతే గీజరుకి నీళ్లొచ్చే యాంగిల్ కాక్ కట్టేయమనండి.