రవ్వ పళ్ళెంలో ‘వ’ రాయించండి

చిన్నపిల్లల చదువు గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఒక రిటైర్డ్ ప్రైమరీ టీచర్ జవాబులు

ప్రశ్న: మా పాప యూకేజీ. ఐదేళ్లు నిండాయి. హోంవర్కు పుస్తకం తీయగానే మంచినీళ్లంటుంది, బాత్రూమంటుంది, పెన్సిలు ములుకు విరిగిందంటుంది. ‘వ’ రాయమంటే ‘మ’ రాస్తుంది. బొత్తం నొక్కితే అక్షరం పలికే బోర్డు కొన్నాం, ఫోన్లో యాప్ పెట్టాం. మోజు రెండ్రోజుల్లో తీరిపోయింది. దీన్ని కుదురుగా కూర్చోబెట్టడం ఎలా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ఆ ‘కూర్చోబెట్టడం’ సంగతి కాసేపు పక్కన పెట్టండమ్మా. ఐదేళ్ల పిల్ల పుస్తకం ముందు అరగంట కదలకుండా కూర్చుంటే నేనైతే ఒళ్లు వెచ్చబడిందేమోనని నుదురు పట్టి చూస్తాను.

మీరు కొన్న బోర్డునే చూడండి. ‘వ’ మీద నొక్కినా ‘మ’ మీద నొక్కినా పిల్ల వేలు చేసే పని ఒక్కటే. పలికేది బోర్డు, వెలిగేది బల్బు. పాప నోరు మెదపక్కర్లేదు, చెయ్యి తిప్పక్కర్లేదు. ‘వ’ చివర కొమ్ము సాగదీస్తే ‘మ’ అవుతుంది కదా, ఆ తేడా ముందు వేలికి తెలియాలి. కన్ను, చెవి, చెయ్యి అన్నీ కలిపి నేర్పాలని ఈ మధ్య అందరూ అంటున్నారు. మంచిదే. కానీ అవన్నీ ఒకే అక్షరం మీద, ఒకే సమయంలో కలవాలి. మీ బోర్డులో దీపాలది ఒక దారి, పాటది ఒక దారి, అక్షరానిది ఇంకో దారి.

హార్డ్‌వేర్ షాపులో గరుకు కాగితం అడగండి, తలుపులకు రంగు వేసేముందు రుద్దుతారే, అదే. మరీ ముతకది వద్దు, వేలు గీరుకుపోతుంది. అరచేయంత ‘వ’ కత్తిరించి పాత శుభలేఖ అట్ట మీద అంటించండి. పాప చూపుడు వేలు, మధ్య వేలు కలిపి, మనం రాసే వరుసలోనే దాన్ని తడమాలి. వేళ్లు చివరికి చేరగానే ‘వ’ అని గట్టిగా ఒక్కసారి అనాలి. తడిమినంతసేపూ రాగం తీయనివ్వకండి, అది ‘వా’ అయి కూర్చుంటుంది. నాలుగైదుసార్లు అయ్యాక కళ్లు మూసుకుని తడమమనండి.

తర్వాత స్టీలు పళ్ళెంలో బొంబాయి రవ్వ పల్చగా పరచండి. మందంగా పోస్తే గీత వెంటనే పూడిపోతుంది. అడుగు తళుక్కున కనిపించేంత చాలు. అందులో వేలితో రాయించండి. తప్పు పోయిందా, పళ్ళెం ఒక్కసారి కుదిపితే సరి. రబ్బరుతో రుద్ది కాగితం చింపుకుని ఏడ్చే బాధ లేదు. ఆ తర్వాత పలక. నోటు పుస్తకం అన్నిటికంటే చివర. అంతా కలిపి పది నిమిషాలు. ‘ఇంకోసారి అమ్మా’ అంటున్నప్పుడే ఆపేయండి, రేపు తనే పళ్ళెం తెచ్చుకుంటుంది.

వ, మ ఒకే రోజు మాత్రం నేర్పకండి. ‘వ’ వేలికి పట్టుబడ్డాక మధ్యలో ‘గ’, ‘ట’ లాంటి వేరే ఆకారాలు కానిచ్చి, అప్పుడు ‘మ’కు రండి. చివర్లో రెండట్టలూ పక్కపక్కన పెట్టి, కళ్లకు గంతలు కట్టి ఏది ఏదో చెప్పమనండి. కొమ్ము దగ్గరకు రాగానే వేలు ఆగి వెతుక్కుంటుంది చూడండి, మనకు కావలసింది అదే.

ఈ గరుకు అక్షరాలు నా కనిపెట్టుడు కాదు. 1907లో రోమ్‌లో పేదల వాడలో పిల్లల బడి తెరిచిన మరియా మాంటిస్సోరి వాడినవి. ఆవిడ 1939లో మన మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు తర్ఫీదు కూడా ఇచ్చారు. 2004లో ఫ్రాన్స్‌లో ఐదేళ్ల పిల్లల మీద ఒక పరిశోధన ప్రచురించారు. అక్షరాలు చూసి, విని నేర్చుకున్న పిల్లలకన్నా వాటితోపాటు వేళ్లతో తడిమి నేర్చుకున్న పిల్లలు కొత్త పదాలను కూడబలుక్కుని చదవడంలో మెరుగ్గా ఉన్నారు. అంతదూరం ఎందుకు, అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలు పట్టి రాయించింది మనమే. మర్నాటినుంచి ఆ వేలి మాటే ఎత్తం. నా గొడవల్లా అదే.

ప్రశ్న: ఏజెన్సీలో ప్రాథమిక పాఠశాల. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో. దాతలు గోడల నిండా బొమ్మలు వేయించారు, చార్టులు వేలాడదీశారు. అయినా పిల్లల ధ్యాస పాఠం మీద ఉండదు. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం ఎంత చెప్పినా ఎక్కడం లేదు. కృత్యాలు చేయిస్తే తనిఖీకి వచ్చినవారు గోలగా ఉందంటారు.
– ఒక ఉపాధ్యాయుడు, పాడేరు

జవాబు: మాస్టారూ, దాతలు నొచ్చుకోకపోతే ఒక మాట. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు చిన్నపిల్లలకు కొన్ని పాఠాలు అలంకరణలతో నింపిన గదిలో, కొన్ని బోసి గదిలో చెప్పి చూశారు. 2014లో ప్రచురించారు. బొమ్మలు కిక్కిరిసిన గదిలోనే పిల్లలు దిక్కులు ఎక్కువ చూశారు, నేర్చుకున్నది తక్కువ. నల్లబల్ల ఉన్న గోడ ఒక్కటైనా ఖాళీ చేయండి. చార్టుల్లో ఈ వారం పాఠానికి పనికొచ్చేది ఉంచి మిగతావి చుట్టి బీరువాలో పెట్టండి.

ఇక తీసివేత. కొబ్బరి చీపురు పుల్లలు జానెడు జానెడు విరిచి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టించండి. కట్టలు పిల్లలే కట్టాలి. మీరు కట్టి ఇస్తే అందులో పది ఉన్నాయని మీకు తెలుస్తుంది, వాళ్లకు కాదు. 32 లోంచి 15 తీయాలి. పిల్లవాడి ముందు మూడు కట్టలు, రెండు విడి పుల్లలు. ‘నాకు ఐదు విడి పుల్లలు ఇవ్వరా’ అని చెయ్యి చాపండి. రెండే ఉన్నాయి. కాసేపు మీ మొహం, పుల్లల మొహం చూస్తాడు. తొందరపడి చెప్పేయకండి. ఎవడో ఒకడు ‘కట్ట విప్పెయ్యరా’ అని అరుస్తాడు. ఆ అరుపుకోసమే ఇదంతా. విప్పాడు, విడివి పన్నెండయ్యాయి. ఐదిచ్చాడు, ఏడు మిగిలాయి. మిగిలిన రెండు కట్టల్లో ఒకటి ఇచ్చాడు. చేతిలో ఒక కట్ట, ఏడు పుల్లలు. ప్రతి అడుగూ వాడు నోటితో చెబుతూ చెయ్యాలి. వెంటనే పక్కవాడు పలక మీద అదే అడుగు రాయాలి: 3 కొట్టేసి 2, పక్కనున్న 2 కాస్తా 12. పుల్లల ఆట ఈవేళ ఆడి, లెక్క రేపు రాయిస్తే రెండింటికీ చుట్టరికం తెలియదు. కట్టలు విప్పుకోవడం మరిగాక ఒకనాడు పుల్లలు ఇవ్వకుండా లెక్క వేయమనండి. తడబడినవాడికే మళ్లీ కట్ట ఇవ్వండి.

రెండో తరగతి పుల్లలతో ఉంటే ఒకటో తరగతికి చింతపిక్కలతో వామనగుంటలు ఇవ్వండి. గుంటకొక పిక్క వేసుకుంటూ పోవడమే వాళ్ల లెక్కింపు. గోల అంటారా? ‘కట్ట విప్పెయ్’ గోల, బెంచీలెక్కే గోల ఒకటి కాదు. తనిఖీకి వచ్చినవారిని ఐదు నిమిషాలు పిల్లల పక్కన చాప మీద కూర్చోబెట్టండి.

ప్రశ్న: ఏడేళ్ల మా బాబు ‘విజువల్ లెర్నర్’ అని ఒక సెంటర్‌లో పరీక్ష చేసి చెప్పారు. అక్షరాలు ఇంకా కలిపి చదవలేడు. వీడియోలతోనే నేర్పితే మంచిదా?
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: ఫీజు ఎంత కట్టారో అడగను. పిల్లల్ని ‘చూపు రకం’, ‘వినికిడి రకం’ అని విడదీసి ఆ రకానికి తగ్గట్టు నేర్పితే బాగా వస్తుందనడానికి సరైన ఆధారాలు లేవని 2008లోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశోధనలన్నీ జల్లెడ పట్టి చెప్పారు. వీడియోలు తగ్గించండి. పైన తెనాలి అమ్మగారికి చెప్పిందే మీ బాబుకూ చేయండి, అక్షరాల బదులు రెండక్షరాల మాటలతో.

అయితే ఏడేళ్లకు కూడా కలిపి చదవలేకపోవడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. ప్రభుత్వ బళ్లకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందాలు చదువులో ఇబ్బందులు కూడా చూసి, అవసరమైతే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. ప్రైవేటు బడి అయితే నేరుగా ఆ కేంద్రానికే తీసుకెళ్లి అడగండి. వెళ్లేటప్పుడు బాబు నోటు పుస్తకాలు, పాతవీ కొత్తవీ, వెంట తీసుకెళ్లండి.